గేటుకు వేలాడే టు-లెట్ బోర్డుగారికి

అయ్యా బోర్డుగారూ,

విశాఖలో మద్దిలపాలెం సందుల్లో, ఎంవీపీ కాలనీ సెక్టార్లలో, గాజువాకలో ఎటు చూసినా మీరే. సముద్రపు ఉప్పుగాలికి మీ తీగ తుప్పు పట్టింది కానీ మీ మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. ‘డబుల్ బెడ్‌రూమ్, 24 గంటల నీళ్ళు, బైక్ పార్కింగ్’. అంతే. ఎవరు రాకూడదో ఒక్క ముక్క రాసి ఉండదు. మీ అంత సమదృష్టి ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

అసలు పరీక్ష గేటు తీశాక మొదలవుతుంది. మొన్న ఒక ఇంటికి వెళ్తే ఓనరుగారు వరండాలో కుర్చీ వేశారు, ఆంటీగారు మంచినీళ్ళిచ్చారు. సొంతూరు ఎక్కడన్నారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు అన్నాను. ‘అబ్బే, మీకు ఆ యాస లేదే!’ అని మెచ్చుకున్నారు. ఇంటిపేరు అడిగారు. మా వైపు అది రెండు మూడు కులాల్లో ఉంది కాబట్టి పాపం ఆయనకి ఏమీ తేలలేదు. ‘నాన్‌వెజ్ తింటారా?’ అన్నప్పుడు వాళ్ళ వంటింట్లోంచి వంజరం వేపుడు వాసన గుమ్మం దాకా వస్తోంది. ఇక ఆగలేక, ‘మరోలా అనుకోకండి, ఇంతకీ మీరేమిట్లు?’ అనేశారు. చెప్పాను. ‘మా అబ్బాయితో మాట్లాడి ఫోన్ చేస్తానండీ’ అన్నారు. ఆ ఫోను ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.

మీవల్ల రిచర్డ్ లాపియర్ అనే అమెరికా ఆయన లెక్క తప్పింది, తెలుసా? 1930 తర్వాత ఆయన ఒక చైనా జంటను వెంటబెట్టుకుని దేశమంతా తిరిగాడు. 250కి పైగా హోటళ్ళు, రెస్టారెంట్లలో కాదన్నది ఒకే ఒక్క చోట. తర్వాత వాళ్ళకే ఉత్తరాలు రాసి, చైనావాళ్ళని రానిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా రానివ్వమన్నారు. కాగితం మీద కరుకు, ఎదురుపడితే మొహమాటం అని తేలింది. ఆయన ఒక్కసారి విశాఖ వచ్చి ఉండాల్సింది. ఇక్కడ కాగితం మీద అందరూ రావచ్చు, ఎదురుపడ్డాకే తంటా.

ఇంకో సంగతి చూడండి. ఆ పోర్షన్ నెలల తరబడి ఖాళీగా ఉంది. అద్దె పోయినా పర్వాలేదు గానీ ‘మనవాళ్ళు’ కానివాళ్ళు రాకూడదు. ఇది మన ఓనర్ల సొంత తెలివి అనుకునేవాణ్ణి. 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు బడిపిల్లలకు పాల్ క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఎవరికి ఎవరి బొమ్మ నచ్చిందో దాన్నిబట్టి రెండు గుంపులు చేశామని చెప్పాడు. నిజానికి చీట్లు వేసినట్టే విడగొట్టాడు. అవతలి గుంపులో ఎవరున్నారో కూడా వాళ్ళకి తెలియదు. అయినా డబ్బులు పంచమంటే తమ గుంపుకే మొగ్గారు. తమకి కాస్త తగ్గినా సరే, అవతలివాళ్ళకి ఇంకా తక్కువ రావాలని చూసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళెవరికీ విశాఖలో సొంతిల్లు లేదు, గమనించగలరు.

బొమ్మల గుంపయితే సాయంత్రానికి మర్చిపోతారు. కులం అలా కాదు. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరిన అంబేడ్కర్ పార్సీ పేరు చెప్పుకుని పార్సీల సత్రంలో ఉంటే, కర్రలు పట్టుకుని వచ్చి మరీ ఖాళీ చేయించారు. అక్కడి వాకిట్లోనూ బోర్డు ఏదైనా ఉంటే, అదీ మీలాగే మర్యాదగా ఉండి ఉంటుంది.

బ్యాచిలర్ల గోల వేరే. ఎప్పుడో ఒకడు మేడమీద తాగి గొడవ చేశాడు, అందుకని ‘ఈ బ్యాచిలర్లంతా ఇంతే’. ఓనరుగారి మేనల్లుడు అదే పని చేస్తే ‘చదువు టెన్షన్ అండీ పాపం’. పరాయివాడు చేస్తే బుద్ధి, మనవాడు చేస్తే పరిస్థితి. థామస్ పెటిగ్రూ అనే ఆయన 1979లోనే ఈ వాటం గురించి రాశాడు, మేనల్లుణ్ణి చూడకుండానే.

నిజం చెప్పాలంటే ఈ గేట్లు ఒకసారి బార్లా తెరుచుకున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి కరెంటూ కుళాయిలూ పోతే, జనరేటర్ ఉన్న ఇంటి ముందు వీధంతా బిందెలు పట్టుకుని నిలబడింది. ఇంటిపేరు అడిగి నీళ్ళు పట్టినవాడు లేడు. 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్యాంపు పిల్లల్ని రెండు జట్లు చేసి పోటీలు పెడితే ఒకరి జెండాలు ఒకరు తగలబెట్టుకున్నారు. తర్వాత క్యాంపుకి నీళ్ళు ఆగిపోయేలా చేసి, అలాంటివే మరికొన్ని చిక్కులు పెడితే, అందరూ కలిసి పనిచేయక తప్పలేదు. చివరికి ఒకే బస్సులో ఇళ్ళకెళ్ళారు. మనకి కరెంటు వచ్చేసింది.

కాబట్టి ఒక్క మనవి. మీ మీద కింద కాస్త ఖాళీ ఉంది. వరండాలో అడిగే ప్రశ్నలన్నీ అక్కడ పెద్ద అక్షరాల్లో, తన పేరుతో సహా, వీధిలో అందరికీ కనబడేలా రాయించమని ఓనరుగారికి చెప్పండి. రాయడానికి సిగ్గేస్తుందంటే, అడగడానికి ఎందుకు వేయలేదో కనుక్కుని చెప్పండి.

ఇట్లు,
రెండు నెలల అడ్వాన్సు పట్టుకుని తిరుగుతున్న
ఒకడు, విశాఖపట్నం