వాన పడ్డాక నెల టైమ్ ఉంటది, దాన్ని వాడుకుంటలేం

వాతావరణం మారితే రోగాలు పెరుగుతాయని అందరం అనేస్తున్నాం, కానీ నల్లగొండ, పాలమూరులో ఎండ ముదిరినకొద్దీ డెంగీ ముదురుతుందనుకుంటే పొరపాటే. డెంగీ బాగా పాకేది 29 డిగ్రీల చుట్టుపక్కల, 35 దాటితే దోమకే కష్టం, కాబట్టి 44, 45 కొట్టే మే నెల కాదు, వానలతో చల్లబడ్డ జులై నుంచి అక్టోబర్ దాకా మనకు అసలు గండం.

ఈ దోమ మోరీల్లో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాల్లో ఏండ్లకేండ్లు నీళ్లకు గోసపడ్డ జనం, భగీరథ నల్లా వచ్చినా రేపు రాకపోతే ఎట్లా అని డ్రమ్ములు, గోలాలు నింపి పెట్టుకుంటారు, వాళ్లను తప్పుపట్టడానికేం లేదు. వాన ఒక్కరోజే దంచికొట్టి తర్వాత మూడు వారాలు పత్తా లేకపోతే ఈ నిల్వ ఇంకా పెరుగుతుంది. పైగా డెంగీని మోసే ఈ ఈడిస్ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు అతుక్కుని, తడి లేకున్నా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే డ్రైడే, అంటే నిల్వ నీళ్లు ఖాళీ చేసే రోజు, నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు గట్టిగా రుద్ది కడగాలి. ముందు చెప్పాల్సిన మాట ఇదే.

గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు, అది రోగిని కుట్టాక దాంట్లో వైరస్ తయారవడానికి 8 నుంచి 12 రోజులు, ఇంకొకర్ని కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు, అంటే వానకూ జ్వరాలకూ నడుమ దాదాపు నెల. ఏ మండలంలో ఎంత వాన పడిందో సర్కారు వాతావరణ స్టేషన్లు రోజూ చెబుతూనే ఉన్నాయి, ఆ లెక్క ఆశా వర్కర్ చేతికి అందితే ఏ ఊరికి ముందు పోవాలో తెలుస్తుంది. కేసులు వచ్చాక కొట్టే ఫాగింగ్ ఎగిరే దోమలనే చంపుతుంది, డ్రమ్ములో పెరిగే దోమ పిల్ల పురుగును ఏం చేయదు.

ఇంకో పెద్ద లోపం లెక్కల్లో ఉంది. సర్కారు డెంగీ అని రాసుకునేది ఎలీసా అనే ల్యాబ్ రక్త పరీక్షలో తేలితేనే. నారాయణపేట దిక్కు కైకిలికి పోయే మనిషి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని మూడోరోజు మళ్లీ పనికి పోతాడు, ఆ జ్వరం ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, ఆ మండలం కాగితం మీద మాత్రం మంచిగనే కనబడుతుంది. ముంబై, పుణె నుంచి వానకాలం సాగుకు తిరిగొచ్చే వలస కుటుంబాల జ్వరాలదీ అదే గతి. ఆర్‌ఎంపీల దగ్గరకొచ్చే జ్వరాల సంఖ్యను వారం వారం పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) చేర్చే ఏర్పాటు ఈ జులై లోపే మొదలుపెట్టాలి.