ఫొటోలో ఉన్నవి జంటలు కావండీ

మీ వ్యాసంలో ‘దాంపత్యం అంటే సముద్ర పక్షులను చూసి నేర్చుకోవాలి’ అని రాశారు. సగమే నిజం. పైగా మా విశాఖ ఫిషింగ్ హార్బర్ ఫొటో వేసి ‘ప్రేమ జంటలు’ అన్నారు. పొద్దున్నే నెత్తళ్ల (చిన్న చేపల) బుట్టలు దించుతుంటే ఎగబడే ఆ గోధుమ తల సీగల్స్ ఇక్కడికి తిండికే వస్తాయి. వాటి కాపురం లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర. చలికాలంలో తల తెల్లగా, కంటి వెనక దిష్టిచుక్క పెట్టినట్టు ఉంటుంది. వెళ్లే రోజులు దగ్గరపడితే తల గోధుమరంగుకి తిరుగుతుంది. అదీ పెళ్లికళ!

ఇక నీతి సంగతి. ఎంపరర్ పెంగ్విన్ మగది దాదాపు 65 రోజులు తిండి లేకుండా గుడ్డును కాళ్ల మీద మోస్తుంది, నిజమే. కానీ మరుసటి ఏడు చాలావరకు జత మారిపోతుంది. ఫ్రిగేట్ పక్షి మగది ఎర్రటి గొంతుసంచి బెలూన్‌లా ఊదుకుని ఆడదాన్ని పిలుస్తుంది. పిల్ల కాస్త ఎదిగేసరికి చల్లగా జారుకుంటుంది, నెలల తరబడి మేపేది తల్లే. (ఇలాంటి మగాళ్లు మనకు తెలీనివాళ్లా!)

లేసాన్ ఆల్బట్రాస్ అనే సముద్ర పక్షి కథ ఇంకోటి. ఒకటి గుడ్డు పొదుగుతుంటే రెండోది వేటకు పోవాలి, ఒంటరిగా కుదరదు. హవాయిలోని ఒవాహు దీవిలో మగవి తక్కువ. అక్కడి జంటల్లో 31 శాతం రెండూ ఆడవేనని 2008లో తేలింది. అవీ పిల్లల్ని పెంచుతున్నాయి.

ముందు ఆ ఫొటో కింద మాట మార్చండి సార్.