మరా తొట్టిలో ఇద్దరు

ఫ్రెంచి విప్లవం కథ తెలిసినవాళ్లకి స్నానపు తొట్టిలో ఒరిగిపోయిన పత్రికా సంపాదకుడు జాఁ పాల్ మరా గుర్తుంటాడు. చిత్రకారుడు దావీద్ గీసిన బొమ్మ పుణ్యమది. అందులో అందరూ కత్తిపోటునే చూస్తారు. నేను కాగితాన్ని చూస్తాను.

1793 జులై 13. చర్మం మంట తట్టుకోలేక మరా నీళ్లలోనే కూర్చుని, తొట్టి మీద అడ్డంగా చెక్క వేసుకుని రాసుకుంటున్నాడు. షార్లెట్ కోర్డే అనే యువతి ఉదయం ఒకసారి వస్తే ఇంట్లోవాళ్లు వెనక్కి పంపేశారు. ఉత్తర ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణంలో జరుగుతున్న కుట్ర గురించి చెబుతానని చీటీ రాసి పంపింది. ఇలాంటి కబురొస్తే ఏ విలేకరి తలుపు తీయడు? సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు విని లోపలికి రానిమ్మన్నాడు. ఆమె పేర్లు చెబుతుంటే రాసుకున్నాడు. వీళ్లందర్నీ కొద్ది రోజుల్లో గిలటిన్ ఎక్కిస్తానన్నాడని అతన్ని కత్తితో పొడిచి చంపిన ఆమె తర్వాత విచారణలో చెప్పింది.

పేర్లు రాసుకున్నవాడు జర్నలిస్టు. ఎక్కిస్తానన్నవాడు కన్వెన్షన్ (అప్పటి ఫ్రాన్స్ చట్టసభ) సభ్యుడు. ఆ తొట్టిలో ఇద్దరున్నారు. రెండోవాడు కూర్చోకపోయి ఉంటే మొదటివాడిని చరిత్ర నెత్తిన పెట్టుకునేది.

అతిగా పొగుడుతున్నానా? 1789 సెప్టెంబరులో పత్రిక పెట్టి, దాదాపు అంతా ఒక్కడే రాశాడు. ఊరంతా సేనాని లాఫాయెట్‌కి జేజేలు కొడుతున్న రోజుల్లో ఈ వీరుణ్ని నమ్మకండని రాశాడు. రాజు పారిపోతాడని ముందే హెచ్చరించాడు. 1791 జూన్‌లో రాజు పారిపోనే పోయాడు. మరో సేనాని దూమూరియేని అనుమానిస్తే జనం నవ్వారు. 1793 ఏప్రిల్‌లో ఆ సేనాని శత్రుపక్షంలో చేరాడు. పన్ను కట్టే స్తోమత లేనివాడికి ఓటు ఎందుకుండదని అడిగాడు. అరెస్టు తప్పించుకోవడానికి ఒకసారి లండన్ పారిపోయాడు, నేలమాళిగల్లో తలదాచుకున్నాడు. అతని సహచరి సిమోన్ ఎవ్రార్ తన డబ్బు పెట్టి పత్రికను నిలబెట్టింది.

1790లోనే ఐదారు వందల తలలు తెగితే గానీ బాగుపడమని రాసినవాణ్ని వెనకేసుకొస్తావా అంటారు. ఆ రాత దారుణమే, కాదనను. కానీ అప్పుడు మరా చేతిలో సిరా తప్ప ఏముంది? చదివి ఛీ కొట్టే అవకాశం పాఠకుడికి ఉంది. కావాలంటే ప్రభుత్వం కేసు పెట్టుకోవచ్చు.

1792 ఆగస్టు 10న రాజరికం కూలింది. మరా కలుగులోంచి బయటికొచ్చి ముందు చేసిన పనేంటో తెలుసా? రాజముద్రణాలయం నుంచి నాలుగు ప్రెస్సులు పట్టుకెళ్లాడు. నన్నడిగితే జర్నలిస్టు మరా పోయింది ఆ రోజే, కోర్డేది ఏడాది ఆలస్యం. సెప్టెంబరులో పారిస్ కమ్యూన్ (నగర పాలక సభ) నిఘా సంఘంలో చేరాడు. జైళ్లలో వెయ్యి మందికి పైగా ఖైదీలను నరికేస్తుంటే, మిగతా ఊళ్లూ ఇదే బాట పట్టాలంటూ వెళ్లిన లేఖ కింద అతని సంతకం ఉంది. అదే కోపం, అదే భాష. కానీ వ్యాసం చదివి పక్కన పడేయొచ్చు, నిఘా సంఘం లేఖని అలా పడేయలేం.

అందుకే కలం, కుర్చీ ఒకే చేతిలో ఉండకూడదని నా మొండిపట్టు. మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాతలకి జైలుకెళ్లారు; రాతకి దక్కే గౌరవం అది. ఇప్పుడు సంపాదకులకి దక్కుతున్నవి సలహాదారు పదవులు, పెద్దల సభ టికెట్లు. అలా పదవి అందుకున్న ఒకాయన నాకు తెలుసు. వారం తిరక్కుండానే మొదటి ప్రెస్‌మీట్ పెట్టి, ప్రశ్నలు ముందే చీటీ మీద రాసిమ్మని మనిషిని పంపాడు. ఇరవై ఏళ్లు మా పక్క కుర్చీలో కూర్చుని, చీటీ అడిగిన ప్రతి మంత్రినీ ఉతికి ఆరేసినవాడు. మాలో ముగ్గురు రాసిచ్చారు.