రెండో పరీక్ష ఏది?

బ్రీత్ అనలైజర్ చూపిన అంకె ఒక్కటే ఆధారంగా ఆర్టీసీ డ్రైవర్‌ను ఉద్యోగం నుంచి తొలగించడం చెల్లదని తెలంగాణ హైకోర్టు 2025లో తేల్చి చెప్పింది. ఆ డ్రైవర్‌కు రక్త పరీక్ష చేయలేదు, మూత్ర పరీక్షా చేయలేదు. నోటి వాసన, తడబడే నడక, కంటిపాపల తీరు వంటి లక్షణాలు తాగినట్టు తిరుగులేని రుజువు కావని, రక్తపరీక్ష వంటి నిర్ధారణ అవసరమని సుప్రీంకోర్టు 1971లోనే స్పష్టం చేసింది. అర్ధశతాబ్దం గడిచాక కూడా అదే మాట మళ్లీ చెప్పించుకోవడానికి ఒక కార్మికుడు కొలువు పోగొట్టుకుని హైకోర్టు మెట్లెక్కవలసి రావడం మమ్మల్ని తీవ్రంగా కలవరపెడుతోంది.

తాగి బస్సు నడిపేవారిని వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. డ్యూటీకి ముందు పరీక్ష ఉండాలి, అది ప్రతి రోజూ ఉండాలి. యాభై మంది ప్రాణాలు ఒకే స్టీరింగ్ మీద ఆధారపడి ఉన్నప్పుడు అనుమానానికి తావివ్వలేమని యాజమాన్యాలు చేసే వాదనలో న్యాయం ఉంది. అందుకే రీడింగ్ వచ్చిన మనిషిని ఆ పూట బస్సెక్కనివ్వకపోతే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ పూట డ్యూటీ ఆపడానికి సరిపోయే ఆధారం, ఇరవై ఏళ్ల సర్వీసును తుడిచిపెట్టడానికి సరిపోదు. ఈ రెండింటి మధ్య ఉండవలసింది రెండో పరీక్ష. దాన్ని ఎగరగొట్టి మొదటి అంకె దగ్గరి నుంచి నేరుగా చార్జిషీటుకు, అక్కడి నుంచి తొలగింపు ఉత్తర్వుకు వెళ్లే అలవాటే మా ఆందోళనంతా.

తెల్లవారుజామున నాలుగింటికి ఏ డిపో గేటు దగ్గరైనా నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. మొదటి సర్వీసు తీయవలసిన డ్రైవర్ టిఫిన్ డబ్బా సంచీ భుజాన వేసుకుని వస్తాడు, సెక్యూరిటీ మనిషి చాచిన యంత్రంలోకి ఊదుతాడు, సున్నా కనబడితే రిజిస్టరులో సంతకం పెట్టి బండి వైపు నడుస్తాడు. మొత్తం నిమిషం పని. ఆ నిమిషంలో యంత్రం రక్తాన్ని చూడదు. ఊపిరితో వచ్చిన ఆల్కహాల్ లోపలి ప్లాటినం పొరల మీద రసాయన చర్య జరిపి పుట్టించే కొద్దిపాటి విద్యుత్తును కొలుస్తుంది. ఊపిరిలో ఉన్నదానికి 2100 రెట్లు రక్తంలో ఉంటుందన్న సగటు లెక్క కట్టి అంకె చూపిస్తుంది. ఆ ఆల్కహాల్ ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చిందా, నోట్లో అప్పుడే పుక్కిలించిన మౌత్‌వాష్ నుంచి వచ్చిందా అన్నది ఒక్క ఊదుతో నమ్మకంగా తేలదు. నోట్లో మిగిలినది పదిహేను, ఇరవై నిమిషాల్లో పోతుంది, రక్తంలో ఉన్నది పోదు. కాబట్టి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తే చాలావరకు నిజం బయటపడుతుంది. ఇంత చిన్న జాగ్రత్తకు కూడా తీరిక లేదంటే ఎలా ఒప్పుకోవాలి?

కేరళలో ఏం జరిగిందో చూడండి. 2025 జూలైలో పందళం ఆర్టీసీ డిపోలో మందు ముట్టని కొందరు డ్రైవర్లకు సున్నా రావలసిన చోట 10 దాకా రీడింగ్ వచ్చింది. వారు డ్యూటీకి ముందు తిన్నవి బాగా ముగ్గిన పనసతొనలు. అనుమానం తీర్చుకోవడానికి సున్నా వచ్చిన మనిషి చేత తొనలు తినిపించి మళ్లీ ఊదిస్తే అతనికీ అంకె పెరిగింది. అక్కడివారు ఆ ప్రయోగం చేశారు కాబట్టి డ్రైవర్లు బయటపడ్డారు, ఆ ఓపిక లేని డిపోలో అయితే వారి గతేమిటి? అదే ఏడాది ఫిబ్రవరిలో దక్షిణ రైల్వే తిరువనంతపురం డివిజన్ అధికారులు ఇంకా విడ్డూరమైన ఉత్తర్వు ఇచ్చారు. లోకో పైలట్లకు యంత్రంలో ఆల్కహాల్ కనబడుతోంది, రక్త నమూనాలు ప్రయోగశాలకు పంపితే అక్కడ కనబడడం లేదు. తప్పు యంత్రంలో ఉందేమో చూడవలసిన అధికారులు డ్యూటీకి ముందు కొబ్బరినీళ్లు, కొన్ని రకాల అరటిపండ్లు, శీతల పానీయాలు, దగ్గుమందు, హోమియో మందు తీసుకోవద్దని సిబ్బందిని కట్టడి చేయబోయారు. గొడవ రేగాక ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. యంత్రాన్ని నమ్మి మనిషిని అనుమానించే ధోరణి ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

మరి విమానం నడిపేవారి విషయంలో ఇదే ప్రభుత్వ వ్యవస్థ ఎలా నడుచుకుంటోంది? పౌర విమానయాన డైరెక్టరేట్ నియమాల ప్రకారం పైలట్‌కు మొదటి ఊదులో ఆల్కహాల్ కనబడితే పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. ఈలోగా ముఖం కడుక్కోవడానికి, నోరు పుక్కిలించుకోవడానికి అనుమతి ఉంది. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో రెండో ఊదుకు ముందు సరిచూడాలి, రెండు రీడింగులూ నమోదు చేయాలి. అంతా అయ్యాక దోషం తేలితే శిక్ష కఠినంగానే ఉంటుంది: మొదటిసారి మూడు నెలలు, రెండోసారి మూడేళ్లు లైసెన్సు సస్పెన్షన్, మూడోసారి రద్దు. కఠినత్వానికి రెండో పరీక్ష అడ్డం కాదని ఈ నియమాలే చాటుతున్నాయి. పైలట్‌కు దక్కిన ఆ ఇరవై నిమిషాలు బస్సు డ్రైవర్‌కు ఎందుకు దక్కకూడదు? ఇద్దరి చేతుల్లోనూ ఉన్నవి ప్రయాణికుల ప్రాణాలే. ఒకరికి లక్షల్లో జీతం, వెనక న్యాయవాది ఉంటారు, ఇంకొకరికి నెల తిరిగితే వచ్చే జీతం తప్ప ఏమీ ఉండదు. ఇంతకు మించిన తేడా మాకు కనబడడం లేదు.

చట్టం తెలియక ఇలా జరుగుతోందని కూడా అనలేం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే నేరమని చెప్పే 1988 మోటారు వాహనాల చట్టమే 203వ సెక్షన్‌లో ఊపిరి పరీక్షను, ఆ వెంటనే 204లో ప్రయోగశాల పరీక్షను పెట్టింది. చట్టం రెండు మెట్లు కట్టి ఉంచితే, యాజమాన్యాలు మొదటి మెట్టు మీదే తీర్పు చెబుతున్నాయి.

ఈ అలవాటు బస్సు డిపోలతో ఆగదు. గంజాయి, మత్తుమందుల మీద పోరు పెరిగే కొద్దీ కర్మాగారాల్లో, కార్యాలయాల్లో మూత్ర పరీక్ష కిట్లు పెట్టాలన్న మాట బలపడుతుంది. కిట్ నిమిషాల్లో ఫలితం చూపిస్తుంది కానీ, ఆ ఫలితం కేవలం అనుమానం. ఏ పదార్థం, ఎంత మోతాదు అన్నది ప్రయోగశాలలో, అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలోనే తేలుతుంది. తేలినా, గంజాయి ఆనవాళ్లు రోజులు, అలవాటుపడినవారిలో వారాలు కూడా నిలుస్తాయి గనుక పని వేళ ఆ మనిషి మత్తులో ఉన్నాడని చెప్పలేం. మన ఇళ్లలో కూర మసాలాలో నూరే గసగసాలు కూడా మార్ఫిన్ ఆనవాళ్లు చూపించగలవు. అమెరికా ప్రభుత్వం ఇలాంటి తిప్పలు చూసే, 1998లో తన పరీక్షల్లో ఓపియేట్ల (మార్ఫిన్ వంటి నల్లమందు జాతి పదార్థాల) హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. అక్కడి రవాణా సిబ్బంది మూత్ర నమూనాను రెండు సీసాల్లో భద్రపరుస్తారు, మొదటి ఫలితాన్ని కాదంటే రెండో సీసాను వేరే ప్రయోగశాలలో పరీక్షించమని అడిగే హక్కు కార్మికుడికి ఉంది. డిపోలో ఒక్క ఊదుకు కొలువు తీయడం ఈరోజు మామూలైతే, రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక్క కిట్ ఫలితానికి కొలువు తీస్తారు.

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. రీడింగ్ వస్తే ఇరవై నిమిషాల తరువాత సాక్షుల ముందు రెండో ఊదు, మళ్లీ వస్తే అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రక్త నమూనా, కాలిబ్రేషన్ (యంత్రం కొలత సరిచూసి సరిదిద్దడం) చేయించిన తేదీని యంత్రం మీదే కనబడేలా అంటించడం, ప్రయోగశాల నివేదిక చేతికొచ్చేదాకా తొలగింపు ఉత్తర్వు ఇవ్వకపోవడం. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, రెండు తెలుగు రాష్ట్రాల రవాణా సంస్థల యాజమాన్యాలు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. కోర్టు కొట్టేసిన ఉత్తర్వుల మీద అప్పీళ్లు వేయడానికి న్యాయవాదులకు డబ్బు కట్టే సంస్థలు, ఒక రక్త పరీక్షకు ఖర్చు లేదని చెబితే నమ్మేవారు లేరు. ఆ సర్క్యులర్ ఎప్పుడు ఇస్తారో యాజమాన్యాలు తేదీతో సహా చెప్పాలి.