పోయినవాడి జీతం గారికి

మహారాజశ్రీ పోయినవాడి జీతం గారి దివ్యసముఖానికి,

న్యూయార్క్ మెట్స్ జట్టు అభిమాని, క్వీన్స్ వాసి, పొట్టకూటి కోసం ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు రాసుకునే గుమాస్తా నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. ఎవరి నడుము పట్టేసినా, ఎవరి మోచెయ్యి మొరాయించినా, ఆటల కాలమంతా పదిహేను రోజులకు ఒకసారి తమరు ఠంచనుగా బయలుదేరుతూనే ఉంటారు. తమరికి జలుబు చేసిందని కూడా నేను వినలేదు.

తమరి పేరు చూసి ఎవరో కాలం చేశారని చదివేవాళ్ళు కంగారు పడతారేమో, ముందే చెప్పేస్తాను. పోయినవాడు అంటే వేరే ఊరి జట్టులోకి పోయినవాడు. బేస్‌బాల్‌లో ఒక పిచర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ణి, ఇంకో క్లబ్బుకు ఇచ్చేశాక కూడా అతని జీతంలో పెద్ద ముక్క పాత క్లబ్బే కడుతూ ఉంటుంది. ఆ ముక్క కోసం జీతాల పద్దులో ఉండే వరుసే తమరు. ఇక్కడివాళ్ళు తమరిని చచ్చిన డబ్బు అంటారు. అది అన్యాయం. ఆ పద్దులో నిక్షేపంగా బతికి ఉన్నది తమరొక్కరే.

మా ఆఫీసులో ఎవరైనా ఉద్యోగం మానేస్తే నేను చేసే పని పావుగంటది. ఆఖరి రోజు తేదీ వేయడం, వాడుకోని సెలవులు లెక్కగట్టడం, చెక్కు రాయడం, పేరు మీద అడ్డగీత గీయడం. ఒకసారి పరధ్యానంలో ఆ అడ్డగీత మరిచిపోయి, వెళ్ళిపోయిన ఒకాయనకు ఇంకో నెల జీతం వేశాను. మా మేనేజరు నన్ను పిలిచి, తలుపు వేసి మరీ మాట్లాడారు. ఇదే పని మూడున్నర కోట్ల డాలర్లకు చేస్తే దాన్ని వ్యూహం అంటారండీ అని చెబుదామనుకున్నాను. తలుపు వేసి ఉంది కదా అని ఊరుకున్నాను.

ఆ మూడున్నర కోట్ల కథ తమరికి తెలియనిది కాదు, తమరి పట్టాభిషేకమే అది. 2021 చివర్లో మా జట్టు యజమాని స్టీవ్ కోహెన్ గారు మాక్స్ షెర్జర్‌తో మూడేళ్ళకు 13 కోట్ల డాలర్లకు ఒప్పందం రాశారు. ఏడాదికి 4.33 కోట్లు. మరుసటి డిసెంబరులో జస్టిన్ వెర్లాండర్‌తో రెండేళ్ళకు, ఏడాదికి అదే ధర. ఒకే జట్టులో, ఒకే ధరలో, నలభై ఏళ్ళ గడప దగ్గర నిలబడ్డ ఇద్దరు మహా పిచర్లు. 2023 మొదలైంది. జూలై 27న షెర్జర్‌కు 39 నిండాయి. ఆ వారం తిరగకుండానే ఆయన టెక్సాస్ రేంజర్స్‌కు, ఆగస్టు 1న వెర్లాండర్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు వెళ్ళిపోయారు. ఇద్దరి వెంటా తమరు. షెర్జర్‌కు రావలసిన మిగతా జీతంలో దాదాపు మూడున్నర కోట్లు మావే. వెర్లాండర్‌కు కూడా ఇంచుమించు అంతే. మేము 75 ఆటలు గెలిచి, 87 ఓడి ఇంటికి వచ్చాం.

మా పెద్దవాళ్ళు చెప్పేవారు, ఒకప్పుడు పిల్లను ఇచ్చేవాళ్ళకు మగపెళ్ళివారే ఓలి ఇచ్చేవారట, తరవాత కాలం తిరగబడి పిల్లను ఇస్తూ కట్నం కూడా ఇచ్చుకోవలసి వచ్చిందట. బేస్‌బాల్‌లోనూ అచ్చంగా అదే జరిగింది. 1919 డిసెంబరులో బోస్టన్ జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ తన ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చినప్పుడు లక్ష డాలర్లు ఓలి పుచ్చుకున్నాడు. పైగా తమ మైదానం ఫెన్వే పార్కును తాకట్టు పెట్టి ఇంకో మూడు లక్షలు అప్పు కూడా తీసుకున్నాడు. 1976 జూన్‌లో ఓక్లండ్ యజమాని చార్లీ ఫిన్లీ తన ఎడమచేతి పిచర్ వైడా బ్లూను యాంకీస్‌కు 15 లక్షల డాలర్లకు, ఇంకో ఇద్దరిని బోస్టన్‌కు తలా పది లక్షలకు అమ్మబోతే, కమిషనర్ బోవీ కూన్ అడ్డం పడి మూడింటినీ రద్దు చేశాడు. ఆటగాణ్ణి ఇచ్చి ఉత్త డబ్బు పుచ్చుకోవడం ఆట శ్రేయస్సుకు విరుద్ధమట. ఫిన్లీ కోర్టుకెక్కి ఓడిపోయాడు కూడా. మరి ఆటగాణ్ణి ఇచ్చి, ఎదురు డబ్బు కూడా ఇచ్చి, బదులుగా వాళ్ళ ఇంటి పిల్లల్ని తెచ్చుకుంటే? అది సలక్షణంగా చెల్లుతుంది. అప్పుడు చీటీ మీద పిచర్ పేరు ఉంటుంది, కొన్నది మాత్రం లూయిసాంహెల్ అకూన్యా, డ్రూ గిల్బర్ట్, రయన్ క్లిఫర్డ్ అనే ముగ్గురు కుర్రవాళ్ళను. డబ్బుతో కుర్రవాళ్ళను నేరుగా కొనకూడదు కనుక, దాన్ని ఒక ముసలి పిచర్‌లో చుట్టి పంపారు. ఆ చుట్టలోని సొమ్ము తమరు.

హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోను చేశాడు. "బావా, ఐపీఎల్ వేలంలో సంచి ఖాళీ అయితే ఎంతటివాడైనా చెయ్యి కిందికి దించాలి. మీవాళ్ళకు సంచి లేదా?" అన్నాడు. "సంచి ఉందిరా, దానికి అడుగు లేదు" అన్నాను. నిజానికి అడుగు బదులు జట్టు జీతాల మొత్తానికి ఒక గీత ఉంది. 2023లో ఆ గీత 23.3 కోట్ల డాలర్లు. దాటితే పన్ను, ఇంకా దాటితే ఇంకా పన్ను. 29.3 కోట్ల దగ్గర ఉన్న నాలుగో గీతకైతే జనం మా యజమాని పేరే పెట్టి కోహెన్ పన్ను అని పిలుచుకుంటారు. ఊళ్ళో చెరువుకు దాత పేరు పెట్టినట్టు. మా పద్దు ఆ ఏడాది 37 కోట్లు దాటింది, కట్టిన పన్ను పది కోట్ల పైచిలుకు. ఇంకా చిత్రం, టెక్సాస్‌కు మేము పంపిన డబ్బు కూడా మా నెత్తి మీదే లెక్క. పై మెట్టులో డాలరుకు 90 సెంట్లు, వరుసగా మూడో ఏడు కనుక 2024లో డాలరుకు 1 డాలరు 10 సెంట్లు. అంటే ఇంకో జట్టు బట్టలు వేసుకుని ఇంకో ఊరి జనం కోసం బంతి విసిరే మనిషికి మేము ఒక డాలరు ఇస్తే మాకు పడేది రెండు డాలర్ల పది సెంట్లు. మా ఆఫీసు తలుపు గుర్తొచ్చింది నాకు.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం డబ్బు కాదు. అది నాది కాదు, కోహెన్ గారిది, ఆయన దగ్గర ఉంది. తమరు నన్ను ఏం చేశారో చెప్పుకోవాలి.

2024 జూన్. ఫ్లషింగ్‌లో గణపతి గుడి కింద క్యాంటీను ఉంది కదా. ఏడో నంబరు రైలులో మా స్టేడియం దాటాక వచ్చే ఆఖరి స్టేషనులో దిగి కాస్త నడిస్తే బౌన్ వీధిలో ఆ గుడి. ఆటకు ముందో తరవాతో అక్కడ దోసె తినడం నాకు అలవాటు. ఆ రోజు దోసె సగంలో ఉండగా ఫోను మోగింది. వెర్లాండర్‌కు మెడ నొప్పి, ఆటకు దూరం. సంగతేమిటంటే ఆయన ఒప్పందంలో ఒక షరతు ఉంది. 2024లో ఆయన 140 ఇన్నింగ్స్ (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్లు) విసిరితే మరుసటి ఏడాదికి మూడున్నర కోట్ల జీతం ఖాయమవుతుంది, అందులో సగం, 1.75 కోట్లు, మెట్స్ కట్టాలి. పన్ను కలిపితే దానికి రెట్టింపు పైమాటే. నేను చట్నీ అంటిన వేలితోనే కాగితపు రుమాలు మీద 140 వేసి, ఆయన అప్పటిదాకా విసిరినవి తీసేసి, మిగిలిన వారాలతో భాగించాను. కుదరదు! ఆయన 140 చేరలేడు! "అమ్మయ్య" అని పైకే అన్నాను. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, "మంచి వార్తా బాబూ?" అని అడిగారు.

ఏం చెప్పను? ఎక్కడో హ్యూస్టన్‌లో 41 ఏళ్ళ మనిషికి మెడ తిరగడం లేదండీ, పైన స్వామివారికి ఒక కొబ్బరికాయ కొట్టి వెళతాను అనా? పిల్లవాడిగా ఉన్నప్పటినుంచి పిచర్ భుజం బాగుండాలనే కోరుకున్నవాణ్ణి. తమరి సావాసంతో ఒక మనిషి మెడ నొప్పిని లాభం వైపు రాసుకున్నాను. ఆయన ఆ ఏడాది తొంభై ఇన్నింగ్స్ చిల్లరతో ఆగిపోయాడు. మా 1.75 కోట్లు మిగిలాయి.

షెర్జర్ లెక్క ఇంకా అందంగా కుదిరింది. 2023 డిసెంబరులో వీపుకు శస్త్రచికిత్స అయ్యాక, 2024లో ఆయన టెక్సాస్‌కు విసిరినవి సరిగ్గా 43 ఇన్నింగ్స్ మీద ఒక ఔటు. జీతం 4,33,33,333 డాలర్లు. భాగించి చూడండి. ఇన్నింగ్స్‌కు పది లక్షల డాలర్లు, నయాపైసా తేడా లేదు. ఔటుకు మూడు లక్షల ముప్ఫైమూడు వేలు. నా పాతికేళ్ళ గుమాస్తాగిరీలో ఇంత గుండ్రంగా తేలిన పద్దు చూడలేదు. పెద్ద వాటా మాది, చప్పట్లు టెక్సాస్ జట్టు ఊరు ఆర్లింగ్టన్‌వి. డల్లాసు చుట్టుపక్కల ఉన్న మా తెలుగువాళ్ళు ఆ చప్పట్లలో తమ వంతు కొట్టారని వాట్సాప్‌లో నాకు ఫోటోలు కూడా పంపారు.

మరి టెక్సాస్‌కు ఏం దక్కింది అంటారా? వరల్డ్ సిరీస్ అనే కప్పు దక్కింది. 2023 నవంబరు 1న, తమ చరిత్రలో మొదటిసారి. షెర్జర్ వల్లనా? ఫైనల్స్ మూడో ఆట ఫీనిక్స్‌లో. రెండో ఇన్నింగ్స్‌లో అలెక్ థామస్ కొట్టిన బంతి నేరుగా వచ్చి ఆయన కుడి మోచేతికి తగిలింది. అక్కడినుంచి ఎగిరి మూడో బేస్ దగ్గర కాపలా ఉన్న కుర్రవాడి చేతికి వెళితే, వాడు మొదటి బేస్‌కు విసిరి ఔటు చేశాడు. కోట్ల డాలర్ల మోచెయ్యి గోడలా పనికొచ్చి ఔటు తెచ్చింది, ఏ గడిలో వేస్తారో మరి. నాలుగో ఇన్నింగ్స్‌కు వచ్చి ఒళ్ళు వెచ్చబరచుకునే బంతులు విసురుతూ వీపు పట్టుకుని ఆగిపోయాడు. వైద్యుడు వచ్చాడు, ఆయన తల వంచుకుని లోపలికి నడిచాడు. ఆ ఫైనల్స్‌లో మళ్ళీ విసరలేదు. ఆ ఆట వాళ్ళు గెలిచారు, కప్పూ గెలిచారు. మూడు ఇన్నింగ్స్, సున్నా పరుగులు. చవకా, ఖరీదా?

మా వైపు చూస్తే, అకూన్యా 2024 సెప్టెంబరులో వచ్చి 14 ఆటల్లో మూడు హోమ్‌రన్లు కొట్టాడు. ఆ నెల నేను తమరిని మరిచిపోయాను, ఒట్టు. ఆ ఏడు ఎవరూ అనుకోకుండా లీగ్ ఫైనల్ దాకా వెళ్ళాం. గిల్బర్ట్‌ను 2025 జూలైలో ఇంకో ఇద్దరితో కలిపి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చి టైలర్ రోజర్స్‌ను తెచ్చుకున్నారు. చెయ్యి నేలకు రాసుకుపోతుందా అన్నట్టు కిందినుంచి విసిరే పిచర్ ఆయన. చూడముచ్చటగా ఉంటుంది. రెండు నెలలు విసిరాడు. ఆఖరి రోజు ఓడిపోయి మేము ప్లేఆఫ్స్‌కు దూరమయ్యాం, రోజర్స్ ఒప్పందం ముగిసి వెళ్ళిపోయాడు. వెర్లాండర్ ఇచ్చి గిల్బర్ట్, గిల్బర్ట్ ఇచ్చి రోజర్స్, రోజర్స్ పోయి బూడిద గుమ్మడికాయ. కోతి తోక తెగి కత్తి వచ్చే ఢాం ఢాం కథను మావాళ్ళు వెనకనుంచి ఆడించినట్టుంది.

తమరి బంధువొకరి గురించి చెప్పకపోతే అపచారం. 2008 ఫిబ్రవరిలో నలుగురు కుర్రవాళ్ళను మిన్నెసోటాకు ఇచ్చి యోహాన్ సంతానాను తెచ్చుకున్నాం. ఆరేళ్ళు, 13.75 కోట్లు. మొదటి ఏడు దివ్యం, ఆ తరవాత మోకాలు, మోచెయ్యి, భుజం. 2011 మొత్తం పోయింది. 2012 జూన్ 1 రాత్రి సెయింట్ లూయిస్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. 1962లో పుట్టిన మా క్లబ్బులో అంతకు ముందు ఎవరూ ఆ పని చేయలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో మైక్ బ్యాక్స్‌టర్ గోడకు గుద్దుకుంటూ బంతి పట్టి, భుజం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అవతలి జట్టు బెల్ట్రాన్ కొట్టినది సున్నపు గీతను తాకింది, అంటే హిట్టే, అంపైరు మాత్రం బయట అన్నాడు, మేము నోరెత్తలేదు. నూట ముప్ఫైనాలుగు బంతులు. ఆగస్టు తరవాత ఆయన పెద్ద లీగులో మళ్ళీ బంతి ముట్టలేదు. 2013లో 2.55 కోట్ల జీతం మాత్రం వెళ్ళింది. ఆయన ఎక్కడికీ పోలేదు, భుజమే పోయింది. ఇంకో విశేషం, మేము ఇచ్చిన ఆ నలుగురిలో ఒకడు, ఫిలిప్ హంబర్, అదే ఏడు ఏప్రిల్ 21న షికాగో తరఫున ఒక్కణ్ణి కూడా బేస్ ఎక్కనివ్వకుండా ఆట ముగించాడు. అతను మిన్నెసోటాలో కూడా నిలవలేదు.

ఆ జూన్ రాత్రిని పద్దులో వేయాలని నేను చాలాసార్లు కూర్చున్నాను. ఆవర్జాలో అలాంటి గడి లేదు. తమరికి మాత్రం ప్రతిసారీ గడి ఉంటుంది.

తమరి వంశవృక్షం కూడా చూశాను. బ్రెట్ సేబర్‌హేగన్ అనే పిచర్‌ను మేము 1995లో కొలరాడోకు ఇచ్చేశాం. ఆయనకు వాయిదా వేసిన జీతం 2004 నుంచి ఏటా రెండున్నర లక్షల డాలర్ల చొప్పున, 2028 దాకా కట్టాలి. ఆయన వెళ్ళిపోయిన ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు. పిచర్ కాని బాబీ బోనిల్లాకైతే ప్రతి జూలై 1న 11,93,248 డాలర్ల 20 సెంట్లు, 2035 దాకా. మా ఊళ్ళో ఆ రోజును పండుగలా తలుచుకుంటారు. ఆ ఇరవై సెంట్లు ఎవరు లెక్కగట్టారో, ఆ గుమాస్తాకు నా ప్రత్యేక నమస్కారం.

ఇట్లు,
తమరి పద్దు వరుసలో చోటు కోసం తహతహలాడే
ఒక గుమాస్తా

తా.క. ఈ మధ్య ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు మా మేనేజరుగారికి ఒక ప్రతిపాదన పెట్టాను. నేను అక్కడ పని చేస్తాను, నా జీతంలో మూడు వంతులు మీరే ఇక్కడినుంచి కట్టండి, బదులుగా వాళ్ళ దగ్గర ఇంకా మీసం రాని ఒక అప్రెంటిస్ కుర్రవాణ్ణి పంపుతారు, వాడు మూడేళ్ళలో పనికొస్తే రావచ్చు అన్నాను. ఆయన లేచి వెళ్ళి తలుపు వేశారు.