బొడ్డుపేగు గారికి మేనమామ రాయునది

మహారాజశ్రీ బొడ్డుపేగు గారికి,

ఉభయ కుశలోపరి. మా చెల్లి కుట్లతోనూ, నేను ఆసుపత్రి వరండాలో దోమలతోనూ క్షేమం. మొన్న గురువారం మీరు మా మేనకోడలి మెడలో దండలా దర్శనమిచ్చారు. దాంతో మేనమామనైన నాకు గండం ఉందని, నూనెలో నీడ చూశాకే పిల్ల ముఖం చూడాలని మా అమ్మమ్మ తీర్మానించింది. కంచు గిన్నె ఇంటి దగ్గరుండిపోయింది. నువ్వుల నూనె గానుగదే కావాలట. ఈలోగా ఊళ్లో వాళ్లందరూ వచ్చి పిల్లని చూసి, "ముక్కు అచ్చం నీదేనయ్యా" అని నాకే చెప్పి వెళుతున్నారు.

గండం సంగతి అలా ఉంచండి. మీతో నాకు వేరే పనుంది.

తొమ్మిదో నెల స్కానింగులో మీరు కనబడగానే డాక్టరమ్మగారు, "పేగు మెడలో వేసుకుందండీ. నార్మల్‌కి చూస్తామంటే నాకేం అభ్యంతరం లేదు, రిస్క్ మీదే" అన్నారు. ఆ మాట తరవాత ఎవరు నోరెత్తుతారు? మా నాన్న డబ్బు ఎంతవుతుందన్నాడు. బావగారు సంతకం ఎక్కడన్నారు. చెల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆపరేషన్ ఎప్పుడు చేస్తారండీ అంటే, "అర్జెంటే. మంచి రోజు చూసుకుని చెప్పండి" అని జవాబు. సిద్ధాంతిగారు సోమ, మంగళ, బుధవారాలు కొట్టేసి, గురువారం ఉదయం 9 గంటల 42 నిమిషాలకు ఖాయం చేశారు. పేగు గారూ, మీరు పిల్లకి ఉరి బిగిస్తున్నారన్నారు కదా, మరి వర్జ్యం దాటేదాకా ఎలా ఆగారండీ? ఆగగలిగిన దానికి కత్తెందుకు? ఆగలేనిదైతే పంచాంగమెందుకు?

ఈ ప్రశ్న పట్టుకుని నేను తిరగని గది లేదు. రిసెప్షన్ అమ్మాయి బిల్లు కౌంటరుకి పంపింది. కౌంటరు అబ్బాయి డాక్టరమ్మగారినే అడగమన్నాడు. డాక్టరమ్మగారు రౌండ్స్‌లో ఉన్నారు, తరవాత ఓపీలో ఉన్నారు, ఆ తరవాత ఇంటికి వెళ్లిపోయారు. చివరికి ఒక నర్సమ్మ జాలిపడి చెప్పింది: "ఒక్క చుట్టేనండి, వదులుగానే ఉంది. వేలితో తీసేశాం."

వేలితో!

అప్పుడు కూర్చుని మీ గురించి చదివాను. నెలలు నిండేసరికి మీరు 50, 60 సెంటీమీటర్ల పొడవుంటారట. లోపల రెండు ధమనులు, ఒక సిర, అవి నలగకుండా చుట్టూ మెత్తటి జిగురు. పొట్టలో పిల్ల ముక్కుతో గాలి పీల్చదు. దాని ఊపిరంతా మీలోంచే వస్తుంది. కాబట్టి చూసుకోవాల్సింది ముఖ్యంగా మీరు నలుగుతున్నారా అని. నలిగితే ఆ సంగతి పిల్ల గుండె చప్పుడే చెబుతుంది. అందుకే నొప్పులప్పుడు 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే సమయంలో 5 నిమిషాలకోసారి గుండె వినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు మిమ్మల్ని మెడలో వేసుకునే పుడతారు. వెనకటి మంత్రసానులు తల బయటికి రాగానే మిమ్మల్ని పక్కకు తప్పించి, తమ పని తాము చూసుకునేవారు. మేనమామ మాత్రం అప్పుడూ నూనెలోనే చూసేవాడనుకోండి.

ఇంకో అనుమానం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42 ఆపరేషన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63, గవర్నమెంటు ఆసుపత్రుల్లో 27 లోపు. అంటే అమలాపురంలోనో భీమవరంలోనో పిల్ల మెడ పట్టుకున్న మీరు, తల్లి కాకినాడ పెద్దాసుపత్రి బస్సెక్కగానే వదిలేస్తారా? అంత మర్యాదస్తులా? జనాభా మొత్తం మీద చూస్తే పదిశాతం దాటాక ఆపరేషన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల చావులు తగ్గడం లేదని 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ కాగితం మా గోదావరి దాటలేదు కాబోలు. పంటు కోసం రేవులో ఆగిపోయిందేమో.

ఆపరేషన్ మీద నాకు కోపం లేదండి. 86 వరదల్లో మా నాయనమ్మ చెల్లెలి కూతురు లంకలో నొప్పులు పడింది. బిడ్డ అడ్డం తిరిగింది. పడవ దొరికి ఒడ్డుకొచ్చేసరికి ఇద్దరూ లేరు. మాయ కిందికి జారి దారికి అడ్డం పడినా, ఉమ్మనీరు పోయాక బిడ్డకన్నా ముందు మీరే బయటికి జారినా కత్తే దేవుడు. అలాంటప్పుడు ముహూర్తం అడిగినవాణ్ణి గోదాట్లో ముంచాలి.

కానీ మా చెల్లికి నొప్పులే రాలేదు. రానివ్వలేదు. నొప్పులొస్తే పక్కన అమ్మని ఉండనిస్తారా అంటే అదీ లేదు, లోపలికి ఎవరూ వెళ్లకూడదట. ఆయమ్మకి మాత్రం బయటికొచ్చి ఆడపిల్లకింత, మగపిల్లాడికింత అని రేటు చెప్పే తీరిక ఉంది. ఇవాళ చెల్లి దగ్గితే పొట్ట పట్టుకుంటోంది, నవ్వొస్తే ఏడుస్తోంది. ఒక మనిషి పొట్ట కోసి, ఎందుకు కోశారని అడిగితే గదులు మారుతూ తిరగడం ఏం పద్ధతి? అది వైద్యమా? భయపెట్టి సంతకం పెట్టించుకోవడం, అంతే.

ఇందులో మీ తప్పేం లేదని నాకూ తెలుసు లెండి. తొమ్మిది నెలలు మా పిల్లకి కూడు పెట్టారు, ఊపిరి పోశారు. పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి మిమ్మల్ని కోస్తే మిగిలిన నెత్తురు కూడా పిల్లకే చేరుతుందంటారు. ఆ నిమిషమైనా ఆగారో, 9 గంటల 43 నిమిషాలకు ఇంకెవరి ముహూర్తమైనా ఉందో.

ఇప్పుడేమో, మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే అని అప్పుడే చెప్పేశారు. మొదటి కోత ఎలా పడింది, ఎందుకు పడింది అన్నది చూసి, తగిన వాళ్లు సదుపాయం ఉన్న ఆసుపత్రిలో ప్రయత్నిస్తే, వందకు 60 నుంచి 80 మందికి మామూలు కాన్పే అవుతుంది. గర్భసంచి కుట్టు విడిపోయే ప్రమాదమూ ఉంది, రెండొందల మందిలో ఒకరికి. రెండు మాటలూ చెల్లికి చెప్పమనండి. ఆ రోజు మళ్లీ మీ పేరెత్తితే, పిల్ల గుండె చప్పుడు కాగితం ముందు పెట్టమంటాను. అది చూశాక సంతకం ఎక్కడ పెట్టమన్నా పెడతాం. బావగారు కాదు, చెల్లి.

ఇట్లు,
మేనమామ