హైబ్రిడ్ బడి: 'మీ ఇష్టం' అనే మాట వెనక

గద్వాల దిక్కు 'హైబ్రిడ్' అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి లోపలి కేసరాలు తీసేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి అదే మొగ్గకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క పూట తప్పితే ఆ పువ్వు పోయినట్టే. అందుకే క్రాసింగ్ రోజుల్లో ఇంటిల్లిపాదీ చేన్లోనే ఉంటారు. చిన్న చేతులకు అక్కడ ఎప్పుడూ గిరాకీయే. కరోనా కాలంలో అదే మాట బడికి కూడా అంటుకుంది: కొందరు పిల్లలు గదిలో, కొందరు ఆన్‌లైన్‌లో. మల్దకల్ దగ్గరి ఊళ్లో మా చుట్టాల ఇంటి పక్కనుండే ఒకామెను, మీ బాబు ఆన్‌లైనా, బడికి పోయి చదువుతున్నాడా అని అడిగాను. "బడుంటే బడికి పోతడు, లేకుంటే చేనుకే గదా సార్" అంది. మూడో దారి ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అదీ బటన్ల ఫోన్.

2022 ఫిబ్రవరి 1న తెలంగాణలో బడులు మళ్లీ తెరిచారు. లెక్కపెడితే ఏడాదిలో ఇది మూడోసారి. 2021లో కూడా ఫిబ్రవరి 1నే 9, 10 తరగతులతో మొదలుపెట్టారు. అదే నెల 24 నుంచి 6, 7, 8 తరగతుల పిల్లల్ని రమ్మన్నారు. సరిగ్గా నెల తిరిగేసరికి, మార్చి 24న, అన్నీ మూసేశారు. సెప్టెంబరు 1న రెండోసారి తెరిచారు. 2022 జనవరి 8న సంక్రాంతి సెలవులని మూసి, ఆ సెలవుల్ని 30 దాకా సాగదీశారు. ఐదో తరగతి లోపు పిల్లలైతే 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా, అంటే ఏడాదిన్నర, బడి గడప తొక్కలేదు. ఒకటో తరగతిలో రెండు నెలలు కూడా కూర్చోకుండా రెండో తరగతికి వచ్చిన పిల్లలున్నారు. మా చిన్నోడు వాళ్లలో ఒకడు.

తెరిచిన ప్రతిసారీ తల్లిదండ్రులకు చెప్పింది ఒకటే మాట: మీ ఇష్టం. పంపితే పంపండి, లేదంటే ఆన్‌లైన్ ఉంది. వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. ఇన్నేళ్లలో మా ఇష్టాన్ని అడిగిన వాళ్లు లేరు. యూనిఫాం రంగు దగ్గర్నుంచి మీడియం దాకా ఎవరో తేల్చాక మాకు చెప్పేవాళ్లు. అలాంటిది వైరస్ విషయంలో మాత్రం మా ఇష్టం అయింది.

మొదటిసారి తెరిచినప్పుడు సమ్మతి పత్రం తప్పనిసరి చేశారు. గదికి 20 మంది, బెంచీకి ఒకరు, మాస్కు. ఇవి బడి చూసుకుంటుంది. మిగతాది ఆ కాగితం చూసుకుంటుంది. మా అమ్మాయి చదివే ప్రైవేటు స్కూలు ఇచ్చిన కాగితంలో చివరి లైను నాకింకా గుర్తుంది: పిల్లకు ఏమైనా యాజమాన్యానికి బాధ్యత లేదు. కౌంటర్ దగ్గర నా ముందున్న ఆటో డ్రైవరు ఆ లైను మీద వేలు పెట్టి "ఇదేంది సార్?" అని క్లర్కును అడిగాడు. "అందరూ పెడుతున్నారు, పెట్టండి" అన్నాడు క్లర్కు. పెట్టాడు. నేనూ పెట్టాను. 2021 ఆగస్టు 31న, బడులు తెరవడానికి ఒక్క రోజు ముందు, హైకోర్టు ఈ సంగతి తేల్చింది. ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఎవరినీ బలవంతం చేయొద్దంది, తల్లిదండ్రుల దగ్గర రాయించుకునే ఇలాంటి పత్రాలు చెల్లవంది. మంచి తీర్పే. కానీ కాగితం పోయినా అందులోని ఆలోచన పోలేదు. ఏమన్నా అయితే మీరే పంపారు కదా అనడానికి కాగితం అక్కర్లేదు.

ఇక ఆ రెండో దారి, అదే ఆన్‌లైన్, ఎలా ఉండేదో చెప్పాలి. సెప్టెంబరులో తెరిచినప్పుడు మా అమ్మాయిని వెంటనే పంపలేదు. ఇంట్లో మా అమ్మ ఉంది, షుగరు మనిషి. ఏడో తరగతి పిల్లకు టీకా లేదు. అందుకని నలభై రోజులు ఇంట్లోనే ఉంచాం. స్కూలు వాళ్లు చేసిన ఏర్పాటేమిటంటే టేబుల్ మీద నాలుగు పుస్తకాలు పేర్చి, వాటికి ఒక ఫోన్ ఆనించి, బోర్డు వైపు తిప్పడం. గదిలో పదిహేను మంది, ఫోన్లో తొమ్మిది మంది. మా పిల్లకు కనిపించేది టీచరు వీపు, బోర్డు మీద పడ్డ కిటికీ వెలుతురు. వినిపించేది ఫ్యాన్. గదిలో పిల్లలు నవ్వితే ఎందుకు నవ్వారో ఫోన్లో పిల్లలకు తెలియదు. "మేడమ్, మళ్లీ చెప్పండి" అని మా అమ్మాయి మూడుసార్లు అని, నాలుగోసారి మ్యూట్ పెట్టుకుంది. నలభై నిమిషాలకు జూమ్ దానంతటదే తెగిపోయేది. మళ్లీ లింక్ వచ్చేలోపు లెక్క సగంలో ఉండేది. మధ్యాహ్నానికి రోజువారీ ఒకటిన్నర జీబీ అయిపోయేది.

ఆ టీచరమ్మను అంటే పాపం. ఒకే గంటలో రెండు బడులు నడపమంటే ఎవరైనా ఏం చేస్తారు? అంతకుముందు నెలల తరబడి జీతం లేక, ఉన్నా సగమే వచ్చి, ఎందరో ప్రైవేటు టీచర్లు కూరగాయలమ్మారు, ఉపాధి హామీ పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంది. బతకడానికి అది ఆసరాయే, కాదనను. కానీ అలా నిలబడ్డ మనిషి చేతికి సుద్దముక్కతో పాటు ఫోన్ కూడా ఇచ్చి, రెండు వైపులా చూసుకో అన్నాం.

మా ఇంట్లో దీని ఖర్చు ఇంకో రకంగా పడింది. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. క్లాసు నడిచేటప్పుడు మిషన్ చప్పుడు అవతలికి వినిపిస్తోందని స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. అప్పట్నుంచి పొద్దుట తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా మిషన్ ఆగింది. కుట్టు రాత్రికి మారింది. చిన్నోడి వర్క్‌షీట్లు కూడా ఆమే చేయించాలి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, పెట్టకపోతే 'పెండింగ్' అని పేరు వస్తుంది. ఇవన్నీ ఏ లెక్కలోకీ రావు. హైబ్రిడ్ చదువు గురించి మాట్లాడేవాళ్లు డేటా, డివైజ్, కనెక్టివిటీ అంటారు. పిల్లాడి పక్కన కూర్చునే మనిషి గురించి ఎవరూ అడగరు. పేరుకు తల్లిదండ్రులే గానీ, చాలా ఇళ్లలో ఆ కూర్చునేది తల్లే. ఆ తల్లి పత్తి ఏరడానికి పోయేదైతే అక్కడ కూర్చునే మనిషే లేదు.

సర్కారు బడుల పిల్లలకు 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు వచ్చాయి. మొదట మూడో తరగతి నుంచి పైవాళ్లకే. పాఠాలు బాగా చేశారు. కొన్ని నేనూ కూర్చుని చూశాను. మంచి టీచర్లను ఏరి చెప్పించారు. కానీ టీవీకి పిల్లాడు కనిపించడు. అర్థమైందా అని అడిగి జవాబు కోసం రెండు క్షణాలు ఆగుతారు, తర్వాత ముందుకు పోతారు. పైగా సెప్టెంబరు అంటే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ జోరు మీదుండే నెల. టీవీలో పాఠం వచ్చే వేళకు పిల్లాడు చేన్లో ఉంటాడు. సాయంత్రం సారు ఫోన్ చేసి పాఠం చూశాడా అని అడుగుతాడు, చూశాడని తండ్రి అంటాడు. ఇద్దరికీ నిజం తెలుసు. రిజిస్టర్‌లో టిక్ పడుతుంది. తండ్రి వలస పోయిన ఇళ్లలో ఫోన్ కూడా ఆయనతోనే పోతుంది. పాలమూరులో ఇది కొత్త కాదు. తాత, అమ్మమ్మల దగ్గర వదిలిన పిల్లలకు ఇన్నేళ్లూ బడే కాపలా, మధ్యాహ్నం అన్నం కూడా బడిదే. బడి మూసినప్పుడు రెండూ పోయాయి.

పల్లె పిల్లల చదువు మీద అసర్ వాళ్లు చేసిన 2021 సర్వేలో దేశం మొత్తం మీద గ్రామీణ బడి పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. సంతోషించాల్సిన అంకె. కానీ ఫోన్ ఉన్న ఇళ్లలోనూ 26.1 శాతం పిల్లలకు అది అసలు చేతికే రాదు. మా ఆటో డ్రైవరు కూతురిది ఇదే కథ. "ఫోన్ నా దగ్గరుంటేనే గిరాకీ సార్, పిల్లకిస్తే ఇంట్లో పొయ్యి వెలగదు" అంటాడు. ఏ సర్వే వచ్చి అడిగినా ఆయనింట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టే.

ఫీజుల మాట ఎత్తితే వేరే వ్యాసం అవుతుంది. 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన జీవో 46, 2021లో ఇచ్చిన జీవో 75 ఒకటే చెప్పాయి: ట్యూషన్ ఫీజు మాత్రమే, నెలనెలా, పెంచొద్దు. అన్ని ఫీజుల్నీ కలిపి దానికే ట్యూషన్ ఫీజు అని పేరు పెడితే జీవో ఏం చేస్తుంది? మాకు తెలిసిన మూడు కుటుంబాలు పిల్లల్ని సర్కారు బడిలో వేశాయి. అసర్‌లోనూ అదే కనిపిస్తుంది. ప్రభుత్వ బడుల్లో పిల్లల వాటా 2020లో 65.8 శాతం ఉంటే 2021లో 70.3కు పెరిగింది. దీన్ని సర్కారు బడి మీద నమ్మకం పెరిగిందని కొందరు చెప్పుకుంటున్నారు. కొంత నిజం ఉండొచ్చు. జేబు ఖాళీ అయిందన్నది అంతకంటే పెద్ద నిజం.

ఇక నమ్మకం గురించి. పిల్లల్ని పంపడానికి భయపడుతున్నారు, జనంలో అవగాహన లేదు అని అధికారులు అంటుంటారు. మా జిల్లాల వాళ్లకు అవగాహన ఎక్కువై వచ్చిన ఇబ్బంది ఇది. 2021 మార్చి 14న ఇటు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్, అటు నల్గొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు జరిగాయి. ఓట్లు వేసింది బడి గదుల్లోనే. పది రోజులకు ఆ గదులకే కరోనా అని తాళం వేశారు. బడులు మూసి ఉండగానే ఏప్రిల్ 14న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభ జరిగింది. 17న పోలింగ్. 19న స్వయంగా ముఖ్యమంత్రికే పాజిటివ్ అని వార్త. నల్గొండలో ఉండే మా బావమరిది అప్పుడు ఒక మాటన్నాడు: "బావా, ఓటున్నోళ్లకు వైరస్ రాదంట, అందుకే పిల్లలకే సెలవులిచ్చిన్రు." నవ్వుకున్నాం గానీ, సెప్టెంబరులో బడి తెరుస్తున్నాం, భయం లేదు అన్నప్పుడు మాకు ఆ మాటే గుర్తొచ్చింది. మూసిన కారణం నమ్మలేనప్పుడు తెరిచిన కారణం కూడా నమ్మబుద్ధి కాదు.

నా అభ్యంతరం బడులు మూయడం మీద కాదు. రెండో వేవ్‌లో మా వీధిలోనే ఐదుగురు పోయారు, ఆ నెలల్లో మూయాల్సిందే. నా అభ్యంతరం అంతా ఒకే కాగితంతో మూయడం మీద. రెండు వేల మంది పిల్లలు, ముప్పై బస్సులు ఉన్న పట్నం స్కూలుకూ, దేవరకొండ దిక్కు తండాలో పద్దెనిమిది మంది పిల్లలు, ఒక్క సారు, ఒక వేపచెట్టు ఉన్న బడికీ ఒకే ఉత్తర్వు. ఆ తండా బడిలో పిల్లలు ఎలాగూ పొద్దంతా కలిసే ఆడుకుంటున్నారు. వాళ్లకు ఆన్‌లైన్ లేదు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అక్కడ బడి 2020 నవంబరులోనే చెట్టు కింద మొదలుపెట్టొచ్చు. ఆ ఊరి సర్పంచి, ఆశా కార్యకర్త, సారు కూర్చుని వారం వారం తేల్చుకోగలిగిన విషయం అది. ఎవరింట్లో జ్వరమో వాళ్లకు తెలిసినంతగా హైదరాబాద్‌కు తెలియదు. తీసుకోగలిగిన వాళ్ల చేతికి ఆ నిర్ణయం ఇవ్వలేదు. ఒంటరిగా తీసుకోలేని తల్లిదండ్రుల నెత్తిన మాత్రం 'మీ ఇష్టం' అని పెట్టారు.

గురుకులాల పిల్లల విషయంలో ఇష్టమన్న మాటే లేదు. 2021 సెప్టెంబరులో మామూలు బడులు తెరిచినా హైకోర్టు ఆదేశంతో అవి ఆగి, అక్టోబరులో గానీ తెరుచుకోలేదు. ఒకే డార్మిటరీలో పడుకునే పిల్లలు కాబట్టి భయం సహేతుకమే. కానీ ఆ ఏడాదిన్నర వాళ్లెక్కడున్నారు? అచ్చంపేట, కల్వకుర్తి వైపు కొన్ని ఇళ్లలో తొమ్మిదో తరగతి ఆడపిల్లకు పెళ్లి మాటలు నడిచాయని అక్కడి టీచర్లే చెబుతారు. హాస్టల్ పెట్టె ఇంటికి వచ్చి మూలన కూర్చుంటే పిల్ల చదువు అయిపోయినట్టే కనిపిస్తుంది పెద్దవాళ్లకు. ఆన్‌లైన్ లింకులు ఆ పెట్టెను మళ్లీ సర్దించలేవు.

ఈ 2021-22లో పదో తరగతి వాళ్లకు సిలబస్ 70 శాతానికి తగ్గించారు, పదకొండు పేపర్లను ఆరు చేశారు. 2022 జనవరి 3 నుంచి పదిహేనేళ్లు దాటిన వాళ్లకూ టీకా మొదలుపెట్టారు. పెద్ద తరగతుల గురించి ఆలోచించిన వాళ్లు ఉన్నారన్నమాట. చిన్న తరగతుల గురించి అలాంటి మాట నాకింకా వినపడలేదు. మా చిన్నోడు రెండో తరగతి. ఫోన్లో అక్షరం చూసి టక్కున చెబుతాడు. నోట్‌బుక్ ఇచ్చి రాయమంటే, గీత మీద నిలబెట్టలేక పెన్సిల్ పక్కన పెడతాడు. ఒత్తులు అసలే రావు. క్లాసులో ఇలాంటి వాళ్లు సగం మంది ఉన్నారని వాళ్ల మేడమే చెప్పింది.

వచ్చే శనివారం స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంది. అడగాలని ఒక్కటే రాసుకున్నాను. ఒకటో తరగతి పాఠాలు నిరుడు ఫోన్లో చెప్పారు కాబట్టి చెప్పినట్టే లెక్క వేసుకుని రెండో తరగతి పుస్తకం పట్టుకుంటారా, లేక రెండు నెలలు ఆ పుస్తకం మూసి అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెడతారా? మొదలుపెడితే ఫీజు మాట తర్వాత, ఈసారి కాగితం మీద సంతకం వాళ్లను పెట్టమంటాను.